రాయని మాటలు అమ్మకంలో చేరవు: హైదరాబాద్ నుంచి ఒక కేసు

ఈ కేసు రాయడానికి కొన్న సంస్థ దగ్గరా, అమ్మినవాళ్ళ దగ్గరా అనుమతి తీసుకున్నాను. పేర్లు ఇవ్వడం లేదు. ఊళ్ళు, అంకెలు, ఉత్పత్తి వివరాలు కొన్ని మార్చాను. జరిగిన వరస మాత్రం మార్చలేదు. నా తప్పులు కూడా ఉన్నవి ఉన్నట్టే రాశాను.

నేను డెవలపర్ కమ్యూనిటీలతో పనిచేస్తాను. ఒక సాఫ్ట్‌వేర్ చుట్టూ కంపెనీ జీతం తీసుకోని మనుషులు చాలామంది ఉంటారు. దానికి ప్లగిన్లు, అంటే అదనపు పనులు చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు రాసేవాళ్ళు, దాన్ని నేర్పేవాళ్ళు, దాని మీదే చిన్న వ్యాపారం నడుపుకునేవాళ్ళు. వాళ్ళకీ కంపెనీకీ మధ్య మాట తెగిపోకుండా చూడటం నా పని. కంపెనీ చేతులు మారినప్పుడు ఆ మాట ఎక్కడ తెగుతుందో ఈ కేసులో నాకు బాగా తెలిసొచ్చింది.

నేపథ్యం

మాదాపూర్‌లో 30 మంది లోపు పనిచేసే కంపెనీ, ముగ్గురు స్నేహితులు కలిసి పెట్టింది. బిల్లులు, రసీదులు, రిపోర్టులు డిజైన్ చేసి ప్రింట్ తీసే టూల్ వాళ్ళది. అలాంటి టూల్స్ బజారులో చాలానే ఉన్నాయి. దీనికి పేరు తెచ్చింది తెలుగు అక్షరం. వేరే టూల్స్‌లో పీడీఎఫ్ తీస్తే ఒత్తులు విడిపోయేవి. ‘స్త్రీ’ అని కొడితే ‘స్ త్ రీ’ అని పొల్లులతో పడేది. ఇక్కడి ఇంజినీరు ఒకాయన అక్షరాలకు ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చే హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజిన్‌ని తీసుకుని, అక్షరం తెర మీద ఎలా ఉందో కాగితం మీదా అలాగే పడేదాకా ఏళ్ళ తరబడి కూర్చున్నారు. చిట్‌ఫండ్ రసీదు మీద చందాదారు పేరు తప్పు లేకుండా రావడం మొదలైంది. అది చిన్న విషయంగా కనిపించవచ్చు. రసీదు మీద తన పేరు తప్పుగా ఉంటే గొడవ పెట్టుకునే మనిషిని చూసినవాళ్ళకి అది చిన్నది కాదని తెలుసు.

దాని మీద 40 మంది దాకా బతికేవారు. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలకు లాట్ రసీదులు చేసిపెట్టే ఆయన, మిర్యాలగూడ రైస్ మిల్లులకు కాటా చీటీలు చేసే కుర్రాడు, హనుమకొండలో ప్రైవేటు స్కూళ్ళ ఫీజు రసీదులు చూసేవాళ్ళు. డీటీపీలో వాడే అను ఫాంట్లలో ఉన్న పాత రికార్డులను యూనికోడ్‌లోకి మార్చే ప్లగిన్ రాసినావిడ ఇంట్లో ఉండే పనిచేస్తారు. అమీర్‌పేటలో ఒక మాస్టారు ఈ టూల్‌ని 45 రోజుల కోర్సుగా చెప్పేవారు. వీళ్ళందరూ ఒక టెలిగ్రామ్ గ్రూపులో ఉండేవారు.

టూల్ మూల ఇంజిన్ జీపీఎల్ లైసెన్స్ కింద అందరికీ తెరిచి ఉంది, అంటే దాని కోడ్‌ని ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. సర్వర్ ఎడిషన్‌కి డబ్బు కట్టాలి. బయటివాళ్ళు కోడ్ పంపే ముందు సీఎల్ఏ అనే ఒప్పందానికి సరేననాలి. దాని ప్రకారం వాళ్ళు రాసిన కోడ్‌ని వేరే లైసెన్స్ కిందకి మార్చే హక్కు కంపెనీకి వస్తుంది. అందరూ టిక్ పెట్టి ముందుకెళ్ళారు. నేనైనా అదే చేసేదాన్ని. అసలు ఇలాంటి కంపెనీ అమ్ముడుపోవడానికి ఆ టిక్కే కారణం అవుతుందని చాలామందికి తట్టదు. మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌ని 2008లో సన్ మైక్రోసిస్టమ్స్ సుమారు 1 బిలియన్ డాలర్లకు కొనగలిగిందన్నా, 2010లో సన్‌తో పాటు అది ఒరాకిల్ చేతికి వెళ్ళిందన్నా, ఆ కోడ్ హక్కులన్నీ ఒకే గుప్పెట్లో ఉండబట్టే. నలుగురి చేతుల్లో చెదిరి ఉన్న హక్కుల్ని అంత డబ్బు పెట్టి కొనడానికి మామూలుగా వెనకాడతారు.

నా దగ్గరికి వచ్చిన సమస్య

ఒక విదేశీ సంస్థ కంపెనీని కొన్నట్టు ప్రకటన వచ్చిన మూడో వారం నాకు ఫోన్ వచ్చింది. వాళ్ళు చెప్పిన మాట: “కమ్యూనిటీ మూడ్ బాగాలేదు, దాన్ని సరిచేయాలి.”

గ్రూపులో తిట్లు ఉంటాయనుకుని తెరిచాను. ఏమీ లేవు. రోజుకు 60, 70 సందేశాలు నడిచే గ్రూపులో శుభాకాంక్షల స్టిక్కర్లు తప్ప ఏమీ లేవు. తిట్టేవాళ్ళు ఇంకా మన గుమ్మంలోనే ఉన్నట్టు. మాట్లాడటం మానేసినవాళ్ళు వేరే ఇల్లు వెతుక్కుంటూ ఉంటారు. ఇది నాకు మొదటి ఆధారం.

రెండోది సపోర్ట్ డెస్క్ దగ్గర దొరికింది. ప్రకటన వచ్చిన దగ్గర్నుంచి డబ్బు కట్టే కస్టమర్ల టికెట్లు, అంటే సాయం కోసం పంపే ప్రశ్నలు, పెరుగుతూ వచ్చాయి. టూల్‌లో ఏ మార్పూ లేదు. మరి ఎందుకు? పాత టికెట్లు చదివితే అర్థమైంది. అంతకు ముందు ఆ ప్రశ్నలు డెస్క్ దాకా వచ్చేవే కావు. ప్లగిన్ రాసేవాళ్ళు గ్రూపులోనో, ఫోన్‌లోనో, ఒక్కోసారి బండేసుకుని వెళ్ళో జవాబు చెప్పేసేవారు. ఆ శ్రమ ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు. కొన్నవాళ్ళు వేసిన ధరలో కూడా లేదు. ఇప్పుడది ఆగింది కాబట్టి కనిపిస్తోంది.

మొదట చేసినవి, అవి ఎందుకు పోయాయి

అందరినీ పిలిచి కొత్త యాజమాన్యంతో ముఖాముఖి మాట్లాడిద్దామని నేనే సలహా ఇచ్చాను. మనిషి ఎదురుగా కూర్చుంటే భయం తగ్గుతుందన్నది నా ఆలోచన. మాదాపూర్‌లో ఒక హాలు తీసుకున్నాం, శనివారం. జిల్లాల నుంచి కూడా వచ్చారు. కొన్న సంస్థ తరఫున వచ్చిన పెద్దాయన చాలా మర్యాదగా మాట్లాడారు. డెవలపర్లు కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ అనే సైట్‌ని మైక్రోసాఫ్ట్ 2018లో 7.5 బిలియన్ డాలర్లకు కొన్నప్పుడూ ఇలాగే భయపడ్డారనీ, తర్వాత సవ్యంగానే సాగిందనీ చెప్పారు. చివరికి “ఏమీ మారదు, మాది హామీ” అన్నారు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆరు వారాలు తిరక్కుండానే రెండు మారాయి. టూల్ డౌన్‌లోడ్ చేసుకోవాలంటే కొన్న సంస్థ అకౌంట్‌తో లాగిన్ కావాలన్నారు. ప్లగిన్లు పెట్టాలంటే కొత్త సీఎల్ఏ మీద సంతకం అడిగారు. రెండూ అక్కడి లీగల్, సెక్యూరిటీ విభాగాల మామూలు నిబంధనలు. ఎవరిలోనూ చెడ్డ ఉద్దేశం లేదు. ఆ హాల్లో మాటిచ్చిన ఆయనకు ఈ రెండూ రాబోతున్నట్టు తెలియదు కూడా. తన చేతిలో లేనిదాని మీద ఒక మనిషి మాటిస్తుంటే పక్కన కూర్చుని ఆపకపోవడం నా తప్పు. వేదిక ఎక్కే ముందే “ఏ విభాగం ఏమేం మార్చబోతోంది” అని అడిగి ఉండాల్సింది.

గిట్‌హబ్ ఉదాహరణని నేను తర్వాత మళ్ళీ ఆలోచించాను. అక్కడ కొత్త యజమాని వచ్చాక జనం చూసి సరిపోల్చుకోగలిగిన పనులు జరిగాయి. 2019 జనవరిలో ప్రైవేట్ రిపోలు, అంటే బయటికి కనిపించకుండా కోడ్ దాచుకునే చోట్లు, ఉచితమయ్యాయి. మా హాల్లో మాత్రం రేపు సరిపోల్చి చూసుకోవడానికి ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

నాలుగో నెలలో అంబాసిడర్ ప్రోగ్రాం పెట్టారు. టీ షర్టులు, క్లౌడ్ క్రెడిట్లు, ప్రశంసాపత్రం. వద్దని నేను గట్టిగా చెప్పలేకపోయాను, ఎందుకంటే మొదటి సలహా నాదే పోయింది కాబట్టి నా మాటకి అప్పటికి బలం లేదు. మిర్యాలగూడ కుర్రాడు పార్శిల్ తిప్పి పంపించి నాకు ఫోన్ చేశాడు. “అక్కా, కోపమైతే లేదు. గని ఈ టీ షర్టుతోని నా మిల్లుల కాటా చీటీ రాదు గదా” అన్నాడు.

ఆ మాట దగ్గర ఆగిపోయాను. అప్పటిదాకా నేను వాళ్ళ మనసుని సరిచేయాలని చూస్తున్నాను. అతను మాట్లాడుతున్నది రేపటి పని గురించి.

అమీర్‌పేట మాస్టారు చెప్పినది

మైత్రీవనం దగ్గర ఇరుకు మెట్లెక్కి మాస్టారి దగ్గరికి వెళ్ళాను. అప్పటికే బోర్డు మీద నుంచి ఈ టూల్ పేరు తీసేశారు. “నాకిది కొత్త కాదమ్మా” అన్నారు.

ఆయన మొదట డీబేస్, క్లిప్పర్, ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ టూల్స్ చెప్పినవారు. మూడూ ఒక గోత్రం. 1991లో డీబేస్ చేసే ఆష్టన్ టేట్‌ని బోర్లాండ్ కొన్నది. 1992లో క్లిప్పర్ చేసే నాంటకెట్‌ని కంప్యూటర్ అసోసియేట్స్, ఫాక్స్‌ప్రో చేసే ఫాక్స్ సాఫ్ట్‌వేర్‌ని మైక్రోసాఫ్ట్ కొనేశాయి. ఏడాది, ఏడాదిన్నరలో ఆయన సిలబస్ అంతా యజమానులు మారింది. అందులో చాలాకాలం నిలబడినవాటిలో ఫాక్స్‌ప్రో ఒకటి. 2004లో విజువల్ ఫాక్స్‌ప్రో 9 వచ్చింది. 2007 మార్చిలో ఇక 10వ వెర్షన్ రాదని తేల్చి చెప్పారు. సపోర్ట్ 2015 జనవరి దాకా ఉంటుందన్నారు, ఉంచారు.

“బాధ పడ్డాం. కానీ తేదీ చేతిలో ఉంది. పిల్లలకి చెప్పుకున్నాను, పార్టీలకి చెప్పుకున్నాను, మెల్లగా మారాం. మీ వాళ్ళు నాకు తేదీ ఇవ్వడం లేదమ్మా. ఏమీ మారదంటున్నారు. దాంతో నేనేం చేసుకోను?”

దీనికి ఎదురు బొమ్మ నాకు వెంటనే సెంట్‌ఓఎస్‌లో కనిపించింది. అది రెడ్ హ్యాట్ అనే లినక్స్ కంపెనీ ఆధ్వర్యంలో నడిచిన, సర్వర్లకు ఉచితంగా వాడుకునే లినక్స్. ఐబీఎం 34 బిలియన్ డాలర్లకు రెడ్ హ్యాట్‌ని కొనడం 2019 జూలైలో పూర్తయింది. 2020 డిసెంబరు 8న, 2029 దాకా నడుస్తుందని అందరూ నమ్మిన సెంట్‌ఓఎస్ 8ని 2021 చివరికే ఆపేస్తున్నట్టు ప్రకటించారు. ఆ తర్వాతి నెలల్లోనే దాని స్థానంలో వాడుకోవడానికి ఆల్మా లినక్స్, రాకీ లినక్స్ పుట్టుకొచ్చాయి. ఫాక్స్‌ప్రోకి ఆగిపోయే తేదీ చెప్పి దాని మీద నిలబడ్డారు. సెంట్‌ఓఎస్‌కి ఇచ్చిన తేదీనే వెనక్కి లాగారు. ఆ 2029 తేదీ చూసి సర్వర్లకు ప్లాన్ వేసుకున్నవాళ్ళకి అది ఎంత దెబ్బో నేను దగ్గర నుంచి చూశాను.

మాస్టారి దగ్గర్నుంచి మెట్రో ఎక్కి వస్తూ నిర్ణయించుకున్నాను. ఇక మూడ్ గురించి మాట్లాడను. ఎవరికి ఏ మాట ఉందో, ఏది ఎప్పటిదాకా నిలుస్తుందో కాగితం మీదకి తెస్తాను.

పని చేసినది

తర్వాతి నెలలో 11 మందిని వాళ్ళ ఊళ్ళలోనే కలిశాను. ఆఫీసుకి పిలిస్తే మర్యాదకి మాట్లాడతారు, వాళ్ళ కౌంటర్ దగ్గర కూర్చుంటే పని చూపిస్తారు. అడిగింది ఒకటే ప్రశ్న: “రేపు ఏది ఆగితే మీ పని ఆగుతుంది?”

సోర్స్ కోడ్ మూసేస్తారేమోనని భయపడుతున్నారని కొన్నవాళ్ళ అంచనా. కోడ్ మాట ఇద్దరే ఎత్తారు. మిగతావాళ్ళ జవాబులు విని నేను నోట్‌బుక్‌లో రాసుకోవడం కూడా మర్చిపోయాను.

సర్వర్ ఎడిషన్‌కి ఇంటర్నెట్ ద్వారా యాక్టివేషన్ కావాలి. కాటా గదుల్లో నెట్ ఉండదు. పాత ఫౌండర్లలో ఒకరు అలాంటిచోట్లకు ఆఫ్‌లైన్ కీ తయారుచేసి వాట్సాప్‌లో పంపేవారు. ఏడాదికోసారి మళ్ళీ పంపేవారు. ఎక్కడా రాసి లేదు, ఏ కాంట్రాక్టులోనూ లేదు. “పాత సర్వర్ బందైతే ఆ కీ ఎవరిస్తరక్కా?” అని అడిగాడు కుర్రాడు. ఆఫీసుకి వచ్చి చూస్తే పాత యాక్టివేషన్ సర్వర్ మూసివేత ఆ త్రైమాసికం చివరికే పెట్టి ఉంది. అలాంటి కీలు ఉన్నాయని కొన్నవాళ్ళకి తెలియనే తెలియదు. గుంటూరు ఆయన కూడా ఇదే భయం మీద ఉన్నారు. “ఫిబ్రవరి నుంచి సరుకు మీద సరుకు దిగుతుంది మేడం. అప్పుడు రసీదు రాలేదంటే రైతు నన్ను నిలదీస్తాడు, మీ కంపెనీని కాదు.”

ఇంకా ఉన్నాయి. ప్లగిన్ల కాటలాగ్ కంపెనీ డొమైన్ మీదే ఉంది, అది పోతే కొత్త కస్టమర్ దొరకడు. షాపు బోర్డుల మీద, విజిటింగ్ కార్డుల మీద టూల్ పేరు ఉంది, దాన్ని వాడుకోమని ఫౌండర్ నోటిమాటగా చెప్పారు. తెలుగు ఒత్తుల సమస్యలు చూసే ఆ ఒక్క ఇంజినీరుని వేరే టీమ్‌లోకి మార్చారు. కమ్యూనిటీ ఎడిషన్ ‘ఎప్పటికీ ఫ్రీ’ అని ఒక సభలో అన్నారు.

ఇవన్నీ నిజమైన హామీలే. మనుషులు వీటిని నమ్మి అప్పులు చేసి షాపులు పెట్టుకున్నారు. కానీ కంపెనీ అమ్మేటప్పుడు కోడ్, పేరు, ఉద్యోగులు, కాంట్రాక్టులు చేతులు మారాయి తప్ప నోటిమాటలు మారలేదు. ఫౌండర్ ఇచ్చిన మాట ఫౌండర్‌తోనే ఉండిపోయింది, ఆయన చేతిలో ఇప్పుడు అధికారం లేదు. ఈ కేసులో అసలు జబ్బు ఇదేనని అక్కడ నాకు రూఢి అయింది.

17 మాటల జాబితా చేసి కొన్న సంస్థ ముందు పెట్టాను. ప్రతిదాని పక్కన ఎవరి పని ఆగుతుందో రాశాను. అన్నిటికంటే ముందు సర్వర్ మూసివేత వాయిదా వేయించాను. నమ్మకం గురించి ఎంత మాట్లాడినా, ఆ తేదీన కాటా చీటీలు ఆగి ఉంటే అంతా అక్కడితో అయిపోయేది.

వాళ్ళ లాయరు ‘ఎప్పటికీ’ అన్న మాట రాయనన్నారు. నేను వాదించలేదు. మాస్టారి మాట గుర్తుంది నాకు. మూడేళ్ళు అడిగాను, తేదీ వేసి. కమ్యూనిటీ ఎడిషన్ ఆ తేదీదాకా ఉచితం. ఆఫ్‌లైన్ కీలు ఆ తేదీదాకా. ఆ తేదీ తర్వాతా కొనసాగిస్తారో లేదో ఏడాది ముందు చెప్పాలి. కాటలాగ్ డేటా ఎవరైనా కాపీ చేసి దించుకోవచ్చు. ప్లగిన్ రాసినవారి హక్కు వాళ్ళదే, కొత్త సీఎల్ఏ మూల ఇంజిన్‌కి మాత్రమే. మూల ఇంజిన్‌కి కూడా సీఎల్ఏ తీసేయించాలని చూశాను, అది కుదరలేదు. కుదరలేదని గ్రూపులో అలాగే రాశాను.

పేరు విషయంలో ఎక్కువ రోజులు పట్టింది. అప్పటికే నలుగురు కోడ్‌ని ఫోర్క్ చేసి, అంటే కాపీ తీసుకుని వేరే దారిలో, సొంతంగా నడపడం మొదలుపెట్టారు. వాళ్ళకి లీగల్ నోటీసు పంపుదామని ఒక ప్రతిపాదన వచ్చింది. నేను వద్దన్నాను. హడ్సన్ కథ వాళ్ళకి చెప్పాను. హడ్సన్ అనేది కోడ్‌ని తనంతట తానే కూర్చి పరీక్షించే టూల్, సన్‌తో పాటు అదీ ఒరాకిల్‌కి వెళ్ళింది. పేరు మీద హక్కు ఎవరిదన్న తగువు ముదిరి, 2011 జనవరిలో ఓటు పెడితే 214 మంది పేరు మార్చుకుని వెళ్దామన్నారు, 14 మంది వద్దన్నారు. పేరు యజమాని దగ్గర మిగిలింది, పనిచేసే మనుషులు జెంకిన్స్ అనే కొత్త పేరుతో వెళ్ళిపోయారు. సన్ నుంచి ఒరాకిల్‌కి వెళ్ళిన ఓపెన్‌ఆఫీస్ అనే ఆఫీస్ సాఫ్ట్‌వేర్ విషయంలోనూ అంతే. 2010 సెప్టెంబరులో డాక్యుమెంట్ ఫౌండేషన్ ఏర్పడి, దాని ఫోర్క్‌గా లిబ్రేఆఫీస్ మొదలైంది. 2011లో ఓపెన్‌ఆఫీస్‌ని అపాచీ అనే ఫౌండేషన్‌కి అప్పగించేనాటికి చాలామంది అవతలి గట్టున ఉన్నారు.

ఫోర్క్ వాళ్ళని పేరు ఒక్కటి మార్చుకోమని అడిగాం, మార్చుకున్నారు. బదులుగా రిపోర్ట్ టెంప్లేట్ ఫైల్ ఫార్మాట్ వివరాలు పూర్తిగా బయటపెట్టాం. దాంతో ఇక్కడ చేసిన బిల్లు అక్కడా తెరుచుకుంటుంది. పోటీవాడికి సాయం చేయడం ఎందుకని అడిగారు. వెళ్ళే దారి తెరిచి ఉందని తెలిసినవాళ్ళే ధైర్యంగా ఉంటారని చెప్పాను. ఒప్పుకోవడానికి మూడు సమావేశాలు పట్టాయి.

ఒత్తులు చూసే ఇంజినీరుని వారానికి రెండు రోజులు వెనక్కి తెచ్చాం. బయటివాళ్ళలో ఇద్దరికి కోడ్ నేరుగా కలిపే అధికారం ఇచ్చాం. గ్రూపులో ఎక్కువ మాట్లాడేవాళ్ళని తీసుకోలేదు, వేరేవాళ్ళ ప్లగిన్లలో తప్పులు సరిదిద్దిన చరిత్ర ఎవరికుందో రిపోలో వెతికి తీసుకున్నాం. వాళ్ళలో ఒకరు అను ఫాంట్ల ప్లగిన్ రాసినావిడ. అంతకు ముందు ఆవిడ గ్రూపులో మాట్లాడింది చాలా తక్కువ.

ఏడో నెలలో ఆ కాగితం తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ పెట్టాం. ఈసారి చప్పట్లు లేవు. తొమ్మిది రోజులకి గుంటూరు ఆయన కోల్డ్ స్టోరేజీ రసీదు మీద ఒక తప్పు పట్టి స్క్రీన్‌షాట్ పెట్టారు, ఇంజినీరు జవాబిచ్చారు. కింద ఇంకొకరు. నాకు ఆ రోజు కంట్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత నాలుగైదు నెలల్లో టికెట్లు పాత స్థాయికి దగ్గరగా దిగాయి.

మిగిలినవి

అందరూ తిరిగి రాలేదు. హనుమకొండ వాళ్ళు ఫోర్క్‌తోనే ఉన్నారు, బాగానే ఉన్నారు. మాస్టారు ఆ కోర్సు మళ్ళీ పెట్టలేదు. “మూడేళ్ళ తేదీ ఉన్నదాన్ని పిల్లలకి ఇప్పుడు మొదలుపెట్టించలేనమ్మా” అన్నారు. ఆయన లెక్క సరైనదే.

ఇప్పుడు నేను ఇలాంటి పని ఒప్పుకునే ముందు, కొనుగోలు పూర్తి కాకముందే పిలవమంటాను. కొనేవాళ్ళు చేసే తనిఖీలో లైసెన్సులు, బాకీలు, కేసులు అన్నీ అడుగుతారు. ఫౌండర్ ఎవరికి వాట్సాప్‌లో కీలు పంపుతున్నారని ఎవరూ అడగరు. అమ్ముతున్న ఫౌండర్లకి కూడా ఇదే చెప్తాను: సంతకానికి ముందు ఒక ఆదివారం కూర్చుని, ఎవరెవరికి ఏమేం చెప్పారో గుర్తుచేసుకుని రాయండి, ఆ కాగితాన్ని ఒప్పందానికి జతచేయమనండి. ఆ రోజు మీ మాటకి విలువ ఉంటుంది, మర్నాటికి ఉండదు. ఇక్కడి ఫౌండర్ ఆ పని చేయలేకపోయానని నాతో చాలాసేపు బాధపడ్డారు. ఆయన మోసం చేయలేదు. ఎవరూ అడగలేదు, ఆయనకి తట్టలేదు.

కాగితంలో వేసిన తేదీకి ఇంక 14 నెలలు ఉంది. ఆఫ్‌లైన్ కీలు ఆ తేదీ తర్వాతా ఇస్తారో లేదో రెండు నెలల్లో చెప్పాలి. పోయిన వారం మిర్యాలగూడ నుంచి ఫోన్ వచ్చింది. “అక్కా, అవునా కాదా ఏదో ఒకటి చెప్పమను. కాదన్నా సరే, గా తేదీకల్లా చెప్తే మిల్లులకు నేను చెప్పుకుంట.” ఆ మాట అలాగే రాసి కొన్న సంస్థకి పంపాను. సోమవారం వాళ్ళతో కూర్చుంటున్నాను.